ఎనిమిది నెలలు ఎగరేశాక: హెచ్7 ఫ్లైట్ కంట్రోలర్ మీద నా మాట

కొత్త బోర్డు బిగించిన వారానికే రాసే రివ్యూలను నేను పెద్దగా నమ్మను. ఆ వారం ఎవరికైనా అన్నీ బాగానే ఎగురుతాయి. అందుకే ఈ ఫ్లైట్ కంట్రోలర్ (డ్రోన్‌ని గాల్లో అదుపులో ఉంచే బోర్డు) గురించి రాయడానికి ఎనిమిది నెలలు ఆగాను. ఐదంగుళాల ప్రొపెల్లర్ల క్వాడ్ (నాలుగు మోటార్ల డ్రోన్) మీద, 6ఎస్ (ఆరు సెల్‌ల) బ్యాటరీలతో, దగ్గరదగ్గర రెండువందల ప్యాకులు, అంటే అన్నిసార్లు బ్యాటరీ మార్చి, ఎగరేశాను. మూడుసార్లు గట్టిగా పడింది, ఒకసారి మంచులో తడిసింది. ఇంకా ఎగురుతోంది.

బోర్డు మీద ఉన్నది ఎస్‌టీఎం32 హెచ్743 ప్రాసెసర్ (హెచ్7 అనేది ఈ చిప్పుల కుటుంబం పేరు), ఐసీఎం-42688-పీ జైరో (క్వాడ్ తిరుగుడు కొలిచే సెన్సర్), ఒక బారోమీటర్ (గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చూసేది), మెమరీ కార్డు స్లాట్. బిగింపు రంధ్రాలు మామూలు 30.5 మిల్లీమీటర్లవే. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇవే చిప్పులతో ఇలాంటి బోర్డులు చాలామంది చేస్తున్నారు, నేను చెప్పేది వాటన్నిటికీ ఎంతోకొంత వర్తిస్తుంది. దీనికి ముందు నా దగ్గరున్నది ఎఫ్405 ప్రాసెసర్, ఎంపీయూ6000 జైరో ఉన్న పాత బోర్డు.

అది చెడిపోయి మార్చలేదు. సీరియల్ పోర్టులు చాలక మార్చాను. రిసీవర్‌కి ఒకటి, డిజిటల్ వీడియోకి ఒకటి, జీపీఎస్‌కి ఒకటి, ఈఎస్‌సీ (మోటార్లను నడిపే బోర్డు) పంపే రీడింగులకు, అంటే టెలిమెట్రీకి, ఒకటి. పాత బోర్డు మీద వాడుకోదగ్గ ప్యాడ్లు (తీగలు సోల్డర్ చేసే చోట్లు) అక్కడికే అయిపోయాయి. పైగా అందులో ఒక పోర్టు ఎస్‌బస్ (తలకిందులైన సిగ్నల్ పంపే పద్ధతి) రిసీవర్ కోసం ఇన్వర్టర్ పెట్టినది, ఇంకో పనికి వాడాలంటే తిప్పలే. ఎఫ్405లో ఆ సిగ్నల్‌ని తలకిందులు చేయడానికి బయట విడిగా సర్క్యూట్ కావాలి. ఎఫ్7, హెచ్7 చిప్పులు ఆ పని లోపలే చేసేసుకుంటాయి, కాబట్టి ఏ పోర్టుకి ఏ రిసీవర్ పెట్టినా ఒకటే. 168 మెగాహెర్ట్‌జ్ నుంచి 480కి వెళ్లడం నిజమే గానీ, నన్ను లాగింది మాత్రం ఆ ప్యాడ్లే.

మొదటి గండం ఈఎస్‌సీ కేబుల్ దగ్గర. ఎనిమిది పిన్నుల ఆ చిన్న కనెక్టర్ అన్ని బోర్డుల మీదా ఒకేలా కనిపిస్తుంది, ఇట్టే దూరిపోతుంది. పిన్నుల వరుస మాత్రం ఎవరి ఇష్టం వాళ్లది. నా ఈఎస్‌సీ పాతది, బోర్డు కొత్తది. అనుమానం వచ్చి మల్టీమీటర్‌తో ఒక్కో పిన్నూ చూశాను. ఈఎస్‌సీలో బ్యాటరీ వోల్టేజ్ వచ్చే చివర, బోర్డులో కరెంట్ సెన్సర్ ఇన్‌పుట్ ఉంది. నిండా ఛార్జ్ చేసిన 6ఎస్ అంటే 25.2 వోల్టులు. 3.3 వోల్టుల చిప్పు కాలిలోకి అది పోయి ఉంటే ఈ రివ్యూ ఒక్క వాక్యంతో ముగిసేది. సూది మొనతో ప్లాస్టిక్ నాలుకలను కొద్దిగా పైకెత్తి, తీగలను ఒక్కొక్కటే బయటికి లాగి, సరైన వరుసలో తిరిగి గుచ్చాను. అరగంట పట్టింది. అయినా మొదటిసారి బ్యాటరీ పెట్టేటప్పుడు మధ్యలో స్మోక్ స్టాపర్ (ఎక్కడైనా షార్ట్ ఉంటే కరెంటుని అడ్డుకునేది) పెట్టే పెట్టాను.

రెండో తప్పు పూర్తిగా నాది. పాత బోర్డు నుంచి తీసుకున్న ‘డిఫ్ ఆల్’ని (నేను మార్చుకున్న సెట్టింగులన్నిటి జాబితా) బద్ధకం కొద్దీ మొత్తంగా కొత్తదాంట్లో అతికించేశాను. పాత బోర్డుని యూఎస్‌బీ పక్కకు వచ్చేలా 90 డిగ్రీలు తిప్పి బిగించాను. కొత్తది నేరుగా పెట్టాను. అతికించిన వరుసల్లో ఆ 90 కూడా వచ్చేసింది. కాన్ఫిగరేటర్‌లో (కంప్యూటర్ మీద బోర్డు సెట్టింగులు మార్చే యాప్) క్వాడ్ బొమ్మ ఉంటుంది కదా, చేత్తో ముందుకు వంచితే అది కూడా ముందుకే వంగాలి. పది సెకన్ల పని. చూడలేదు. థ్రాటిల్ ఇవ్వగానే నేల వదిలీ వదలకముందే బోర్లా పడింది, రెండు ప్రొపెల్లర్లు పోయాయి. ఇప్పుడైతే పాత సెట్టింగుల్లోంచి రేట్లు (స్టిక్ కదిపితే క్వాడ్ ఎంత వేగంగా తిరగాలనేది), మోడ్‌లు, ఓఎస్‌డీ (వీడియో మీద కనిపించే అంకెలు) అమరిక మాత్రమే తెచ్చుకుంటాను. పిన్నులకు, పోర్టులకు, బోర్డు దిశకు సంబంధించిన వరుసల జోలికి పోను.

ఇక గాల్లో సంగతి. బీటాఫ్లైట్ 4.5 (బోర్డుని నడిపే ఫర్మ్‌వేర్) ఎక్కించి, డీషాట్600తో (ఈఎస్‌సీకి ఆదేశాలు పంపే పద్ధతి), ఆర్‌పీఎం ఫిల్టర్ (మోటార్ల వేగాన్ని బట్టి వాటి అదురుని తీసేసేది) పెట్టి ఎగరేస్తే మొదటి ప్యాకులోనే ప్రాణం లేచొచ్చింది. నిటారుగా కిందికి దిగుతూ థ్రాటిల్ అందుకున్నప్పుడు వచ్చే ఆ వణుకు దాదాపు పోయింది. మలుపుల చివర ఫ్రేమ్ గుచ్చినట్టు ఆగుతోంది. ‘హెచ్7 అంటే ఇదీ’ అని నలుగురికీ చెప్పాను కూడా.

ఆరో నెలలో ఆ మాట నిజమేనా అని బుర్ర తొలిచింది. పాత బోర్డు మీద నేను అన్నాళ్లూ వాడింది 4.2 ఫర్మ్‌వేర్, ఆర్‌పీఎం ఫిల్టర్ లేకుండా. అంటే బోర్డు, ఫర్మ్‌వేర్, ఫిల్టర్ మూడూ ఒకేసారి మార్చి, మెప్పంతా బోర్డుకి ఇచ్చేశానన్నమాట. ఒక ఆదివారం కూర్చుని పాత బోర్డునే అదే ఫ్రేమ్‌లో పెట్టి, 4.5 ఎక్కించి, అవే పీఐడీ విలువలు (క్వాడ్ ఎంత గట్టిగా సర్దుకోవాలో చెప్పే అంకెలు) ఇచ్చాను. రెండు మూడు ప్యాకులు చొప్పున అటూ ఇటూ మార్చి, ఏ బోర్డో చెప్పకుండా రేడియో మావాడి చేతికిచ్చాను. వాడు నాకన్నా బాగా ఎగరేస్తాడు. ‘ఇదే కొత్తది, తెలిసిపోతోంది’ అని నమ్మకంగా చూపించింది పాత బోర్డుని! పాతదాంట్లో పీఐడీ లూప్ 4 కిలోహెర్ట్‌జ్‌లో, కొత్తదాంట్లో 8లో నడుస్తున్నాయి. ఆ తేడా నాకూ చేతికి అందలేదు. కాన్ఫిగరేటర్ అడుగున సీపీయూ లోడ్ అంకె తగ్గిందని సంతోషించడానికి తప్ప, ఇలా ఎగరేసేవాళ్లకు అంత ప్రాసెసర్ అక్కర్లేదు.

మరి ఇంత చేసీ కొత్తదాన్నే తిరిగి ఎందుకు బిగించానంటే, బల్ల మీద పని తేలిక కాబట్టి. ప్యాడ్లు పెద్దవి, ఒకే పరికరానికి కావాల్సిన వోల్టేజ్, గ్రౌండ్, ఆర్‌ఎక్స్, టీఎక్స్ పక్కపక్కనే ఉన్నాయి. రిసీవర్‌కీ జీపీఎస్‌కీ యూఎస్‌బీ నుంచే కరెంటు వస్తుంది, బ్యాటరీ పెట్టకుండానే ఉపగ్రహాలు పడుతున్నాయో లేదో చూసుకోవచ్చు. వీడియో ట్రాన్స్‌మిటర్ మాత్రం బ్యాటరీ పెడితేనే వెలుగుతుంది. అది మంచిదే, లేకపోతే గాలి తగలక బల్ల మీదే మాడిపోతుంది. బ్లాక్‌బాక్స్‌కి (ఎగిరినప్పటి వివరాలు లాగ్‌గా రికార్డు చేసేది) కార్డు ఉండటం నాకు అన్నిటికన్నా నచ్చింది. 16 మెగాబైట్ల ఫ్లాష్ అయితే కొద్ది నిమిషాల్లో నిండిపోతుంది, చెరపడం మర్చిపోతే కావలసిన ఫ్లైట్ ఒక్కటే రికార్డు అవదు. కాకపోతే రెండోసారి పడ్డప్పుడు కార్డు ఎగిరి గడ్డిలో పడింది, దొరకలేదు. ఇప్పుడు స్లాట్ మీద చిన్న టేపు ముక్క అంటిస్తున్నాను.

ఆ కార్డే నన్ను ఒకసారి కాపాడింది. మూడో నెలలో మోటార్లు ఉన్నట్టుండి వేడెక్కడం మొదలైంది. దించాక వేలు పెడితే రెండు సెకన్లు ఉంచలేకపోయాను. జైరో పోయిందనే అనుకున్నాను, వారంటీ కోసం మెయిల్ కూడా సగం రాశాను. లాగ్ తెరిచి చూస్తే జైరో గీత నిండా సన్నటి గరుకు, అంతకుముందు నెల లాగ్‌లో అది లేదు. మధ్యలో నేను చేసిందల్లా బ్యాటరీ తీగ మార్చడమే. తీరా చూస్తే కొత్త తీగ మందంగా, బిరుసుగా ఉండి బోర్డు మూలను నొక్కుతోంది. బోర్డుకి రబ్బరు బుషులు పెట్టిందే ఫ్రేమ్ అదురు జైరోకి చేరకుండా. ఈ తీగ పక్కదారిన ఆ అదురంతా మోసుకొస్తోంది. తీగని వంచి, ఫ్రేమ్‌కి జిప్ టైతో కట్టేశాను. మర్నాటికి మోటార్లు గోరువెచ్చగా. మెయిల్ చెరిపేశాను.

జీపీఎస్ రెస్క్యూ నిజంగా అవసరపడింది ఒక్కసారే. చెట్ల వెనకకు వెళ్లి సిగ్నల్ పోయింది, అది తనంతట తాను పైకి లేచి వెనక్కి తిరిగింది. ఆ నాలుగు సెకన్లు గుండె నోట్లోనే ఉంది. ఇది పనిచేయాలంటే ఆర్మ్ చేసేముందే (మోటార్లు తిరగడానికి అనుమతి ఇచ్చేముందే) ఉపగ్రహాలు దొరకాలి, ఇంటి బిందువు (తిరిగి రావాల్సిన చోటు) అప్పుడే నమోదవుతుంది. ఇంకో చిక్కు బారోమీటర్‌ది. దాని రంధ్రం మీద నేరుగా ఎండ పడితే నేల మీద కూర్చున్న క్వాడ్ కూడా ఎత్తు మారుతున్నట్టు చూపిస్తుంది. చిన్న స్పాంజి ముక్క కప్పితే సరిపోయింది. తడి నుంచి కాపాడే పూత వేసేవాళ్లు ఆ రంధ్రం మీద, యూఎస్‌బీ మీద, కార్డు స్లాట్‌లో పడకుండా చూసుకోండి.

బాగాలేనివీ ఉన్నాయి. బూట్ బటన్ (బోర్డుని ఫర్మ్‌వేర్ ఎక్కించే స్థితిలోకి తెచ్చేది) బోర్డు అడుగువైపు పెట్టారు. ఫర్మ్‌వేర్ ఎక్కించబోయి ఏదైనా తేడా చేస్తే నాలుగు నట్లు విప్పి ఎత్తాల్సిందే. 4.4 నుంచి ఫర్మ్‌వేర్‌లో మనకు కావలసినవి ఎంచుకుని టిక్ పెట్టుకోవాలి కదా, నేను ఒకసారి జీపీఎస్‌కి టిక్ పెట్టడం మర్చిపోయి, మాడ్యూల్ చచ్చిపోయిందనుకుని మళ్లీ సోల్డర్ చేశాను. అది బోర్డు తప్పు కాదులెండి. వోల్టేజ్ రీడింగ్ మాత్రం కొత్తలోనే తేడా: మల్టీమీటర్‌లో 24.0 ఉంటే ఓఎస్‌డీలో 24.4 చూపించేది. అలాగే వదిలేస్తే బ్యాటరీలను అనుకున్నదానికన్నా లోతుగా వాడేస్తాం. స్కేల్ 110 ఉన్నదాన్ని 108కి తగ్గిస్తే సరిపోయింది. కరెంట్ స్కేల్ కూడా ఛార్జర్ ఎన్ని ఎంఏహెచ్ ఎక్కించిందో చూసి సరిచేసుకున్నాను.

పాత బోర్డు బాగానే ఎగురుతూ, పోర్టులు సరిపోతున్నవాళ్లు దీని జోలికి రానక్కర్లేదు. ముందు ఫర్మ్‌వేర్ మార్చి చూడండి, అది ఉచితం. ఆర్డుపైలట్ (ఇంకో ఫర్మ్‌వేర్) వాడాలనుకునేవాళ్ల సంగతి వేరు. 1 మెగాబైట్ ఫ్లాష్ ఉన్న ఎఫ్405 బోర్డులకు అందులో కొన్ని ఫీచర్లు కోసేసి ఇస్తారు, హెచ్743లో 2 మెగాబైట్లు ఉంటాయి కాబట్టి ఆ బాధ లేదు. వాళ్లు మాత్రం తీసుకోవచ్చు.

మూడోసారి పడ్డప్పటి నుంచి యూఎస్‌బీ సాకెట్ కొద్దిగా ఊగుతోంది. చుట్టూ బొట్టు గ్లూ పెట్టి, కేబుల్ గుచ్చేటప్పుడు వేలు అడ్డం పెడుతున్నాను. పాత ఎఫ్405ని పారేయలేదు. మావాడు దాన్ని అడిగి మరీ తీసుకెళ్లాడు, ‘కొత్తది’ అనుకుని కాదు, ఇప్పుడు వాడికి తెలుసు.