ద్వారకానగర్ స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు: ఇడియమ్స్ దగ్గరే తేడా కొట్టింది

విశాఖపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ద్వారకానగర్‌లో నడుస్తున్న ఒక స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు గురించి ఇది. గ్రామర్, ఉచ్చారణ క్లాసులకు వంక పెట్టలేం. ఇడియమ్స్ (జాతీయాలు) మాత్రం నేర్పాల్సినట్టు నేర్పడం లేదు.

చేతికిచ్చే మెటీరియల్‌లో అక్షరక్రమంలో ఇడియమ్స్, ఎదురుగా ఒక్క లైను తెలుగు అర్థం. ఆ అర్థాలు తప్పు కాదు. ఎవరితో అనొచ్చో, ఎవరితో అనకూడదో చెప్పకపోవడమే తప్పు. ‘కిక్ ద బకెట్’కి ‘చనిపోవు’ అని రాసి వదిలేశారు. అది వేళాకోళంగా అనే మాట. మేనేజర్ ఇంట్లో ఎవరైనా పోతే సంతాపం మెయిల్‌లో అలా రాస్తే ఘోరంగా ఉంటుంది, ‘పాస్డ్ అవే’ అనాలి. ‘పుల్లింగ్ మై లెగ్’ని మనవాళ్లు చాలామంది ‘ఎదగనీయకుండా కాళ్లు లాగడం’ అనే అర్థంలో వాడేస్తారు. ఇంగ్లిష్‌లో అది ఆటపట్టించడం మాత్రమే. ఈ హెచ్చరిక కూడా లేదు.

అన్నిటికన్నా పెద్ద లోపం ఎక్సర్‌సైజుల్లో ఉంది. ఇడియమ్స్‌ను పాసివ్ వాయిస్‌లోకి మార్పిస్తున్నారు. ‘ద బకెట్ వాజ్ కిక్డ్’ అంటే నిజంగానే బకెట్‌ను తన్నినట్టు అవుతుంది, చావు అర్థం పోతుంది. ‘ద బీన్స్ వర్ స్పిల్డ్’ మాత్రం చెల్లుతుంది. ఎందుకంటే అక్కడ ‘బీన్స్’ అంటే రహస్యం, ‘స్పిల్’ అంటే బయటపెట్టడం అని దేనికది సరిపోతుంది. బకెట్‌కి అలా విడిగా అర్థం లేదు. ఈ ఒక్క సంగతి చెబితే సగం తప్పులు ఆగిపోతాయి.

రుషికొండ ఐటీ ఆఫీసుల్లో క్లయింట్ కాల్స్‌లో కూర్చునేవాళ్లకు రోజూ తగిలే ‘టచ్ బేస్’ (ఒకసారి మాట్లాడుకోవడం), ‘కీప్ మీ ఇన్ ద లూప్’ (నాకూ విషయం తెలియజేస్తూ ఉండండి) మెటీరియల్‌లో లేవు. ఇప్పుడు పాతబడిన ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ (కుండపోత వాన) మాత్రం ఉంది. ‘లెట్స్ టేబుల్ ఇట్’ తప్పకుండా చేర్చాలి: బ్రిటన్ వాళ్లంటే చర్చకు పెడదామని, అమెరికా వాళ్లంటే పక్కన పెడదామని.

చేరినవాళ్లు ప్రతి ఇడియమ్‌కూ ఇద్దరి మధ్య రెండు లైన్ల సంభాషణ రాసి ట్రైనర్‌తో దిద్దించుకోండి. రోజుకు మూడు చాలు. క్రియను కాలాన్ని బట్టి, ‘మై’, ‘మీ’ లాంటివి మనిషిని బట్టి మార్చండి, మిగతాది కదపొద్దు: ‘కాల్డ్ ఇట్ ఎ డే’ (ఆ రోజుకు పని ముగించారు)లో ‘ఎ’ జారిపోతే వాక్యమే తప్పు.

గ్రూప్ డిస్కషన్ కోసమైతే ఈ కోర్సు దండగ కాదు. ఉదయం బ్యాచ్ అడగండి, జనం తక్కువ కాబట్టి మాట్లాడే వంతు ఎక్కువసార్లు వస్తుంది.