కోరాపుట్ కొండల్లో లందా, జీలుగు కల్లు

ఒడిశాలోని కోరాపుట్ వైపు వెళ్లేవాళ్లు సాధారణంగా దేవమాలి శిఖరం ఎక్కుతారు, దుడుమ జలపాతం చూస్తారు, తిరుగు ప్రయాణం కడతారు. నేను వెళ్లింది రాగులతో పులియబెట్టే లందా కోసం. లీడ్స్‌లో ఉద్యోగం చేస్తూ ఇంట్లో ఏల్ అనే రకం బీరు తయారు చేసుకోవడం అలవాటైంది. సొంతానికి చేసుకునే బీరుకు బ్రిటన్‌లో 1963 నుంచి లైసెన్సు అక్కర్లేదు. మన దగ్గర ఎక్సైజు చట్టాలు వేరు కాబట్టి ఆ సరంజామా అక్కడే వదిలి, నాలుక ఒక్కటే వెంట తెచ్చుకున్నాను.

విశాఖ నుంచి కిరండోల్ పాసింజరు ఎక్కితే అరకులో పెట్టె దాదాపు ఖాళీ అవుతుంది. అసలు అందం ఆ తర్వాతే మొదలవుతుందని నా అభిప్రాయం. అయితే అది ఇనుప ఖనిజం కోసం వేసిన మార్గం, బండి నిదానంగా నడుస్తుంది. తొందర ఉన్నవారికి రోడ్డే మేలు.

బస జయపురంలో, మామయ్య ఇంట్లో. ఆ ఊళ్లో తెలుగువాళ్లకు పరాయితనం ఉండదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి భూరి విరాళాలిచ్చిన విక్రమదేవ వర్మ ఈ జయపురం మహారాజే. బజారులో తెలుగులో బేరమాడినా పని జరుగుతుంది. కోరాపుట్ పట్నంలో ఒక రాత్రి హోటల్లో ఉండి చూశాను. గది శుభ్రమే, కానీ వేడినీళ్లకు మూడుసార్లు అడగాలి, ఉదయం తొమ్మిదైతే గానీ టిఫిన్ రాదు. లమ్తాపుట్ వైపు పల్లెలోని హోమ్‌స్టే ఖరీదు ఎక్కువైనా రాగి జావ, నాటుకోడి కూర, కంబళ్లతో డబ్బుకు న్యాయం చేసింది. చలికాలం వెళ్లేవారు ఆ కంబళ్ల సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి.

లందా అక్కడే దొరికింది. హోమ్‌స్టేలో వంట చేసే పెద్దమ్మ మట్టికుండ మీది ఆకులు తీసి సొరబుర్రతో కలియబెట్టగానే అడుగు నుంచి బుడగలు లేచాయి. గోధుమ, బూడిద రంగులు కలిసిన చిక్కని ద్రవం. వాసన మూడోనాటి దోసెల పిండిని తలపించింది. మొదటి గుక్కలో పులుపు, వెనకే పచ్చి రాగి రుచి, చివర కాస్త తీపి. “మెల్లగా తాగు బాబూ, కడుపులో కూర్చుంటుంది” అన్నారామె. కూర్చుంది కూడా.

తయారీ చూశాక గౌరవం పెరిగింది. ముందు రాగి పిండిని ఉడికిస్తారు. చల్లారాక మొలకెత్తించి ఎండబెట్టిన రాగుల పిండి కలిపి కుండలో మూసిపెడతారు. లీడ్స్‌లో నేను బార్లీ మాల్టును, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజలను, 66 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు నానబెట్టేదీ ఇందుకే: మొలకలోని ఎంజైములు గంజిపదార్థాన్ని చక్కెరగా మారిస్తేనే ఈస్టుకు తిండి. రాగి గంజి విచ్చుకోవడానికి బార్లీ కంటే ఎక్కువ వేడి కావాలి, అందుకే ఈ ముందస్తు ఉడకబెట్టడం. థర్మామీటరు లేకుండా ఆమె వేలు ముంచి చూసి సరిపోయిందనేస్తారు! ఏల్ ఈస్టుకు నచ్చేది 18 నుంచి 22 డిగ్రీలు. అందుకే కోరాపుట్ చలికాలపు మధ్యాహ్నాలను చూసి నాకు అసూయ కలిగింది. తేడా అల్లా హాప్స్ దగ్గరే. ఆ చేదుపూలు బీరును పాడుకాకుండా కాపాడతాయి. లందాలో అవి లేవు కాబట్టి ఒకటి రెండు రోజుల్లో తాగేయాలి. సీసాలో నింపి తీసుకెళ్దామనే ఆశ పెట్టుకోవద్దు, లోపల గ్యాసు పుడుతూనే ఉంటుంది.

తాటిచెట్టు జాతికి చెందిన జీలుగు నుంచి దించే కల్లుది మరో దారి. ఒడియావాళ్లు సలప అంటారు. అందులో మాల్టు లేదు, ఉడికించడం లేదు. గెల కోస్తే కారే తీపినీరు గాలిలోని ఈస్టుతో తానే పులుస్తుంది. తెల్లవారుజామున దించింది దాదాపు శరబత్తే, మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది. నా ఓటు పొద్దున పది గంటల ముందు దానికి. బెల్జియంలో చేసే లాంబిక్ అనే బీరు కూడా గాలిలోని ఈస్టు మీదే ఆధారపడుతుంది, కానీ దానికి పీపాల్లో నెలలు, ఏళ్లు పడుతుంది. ఇక్కడ ఒక పూట చాలు.

గురువారం ఒనుకుడెల్లి సంతకు కారు మాట్లాడుకున్నాం. డ్రైవరు జయపురం తెలుగబ్బాయి. అక్కడి బోండా గిరిజన మహిళల ముందు కెమెరా తీయవద్దని దారిలోనే చెప్పాడు. ఆంక్షలు ఉన్నాయి, లేకపోయినా మర్యాద ఉంది కదా. సంత అంచున ఇప్పసారా కూడా అమ్ముతున్నారు. ఎవరు కాచారో తెలియని సారా నేను ముట్టను. పులియబెట్టిన దానితో, బట్టీ పట్టిన దానితో ఉండే ప్రమాదం ఒకటి కాదు.

తిరిగి లీడ్స్ వెళ్లాక ఏల్‌లో పదో వంతు రాగి మాల్టు కలిపాను. ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటరు 1.045 నుంచి 1.010కి దిగింది, అంటే ఆల్కహాలు సుమారు నాలుగున్నర శాతం. రుచిలో మట్టివాసన లీలగా తగిలింది, నురగ మాత్రం గ్లాసులో నిలబడలేదు. ఈసారి రాగి మాల్టును ఐదో వంతుకు పెంచి, నురగ కోసం కొంచెం గోధుమ మాల్టు చేరుస్తున్నాను.