పొలానికి ‘డిజిటల్ స్కెచ్’ కొంటున్నారా? పీడీఎఫ్ జూమ్ దగ్గర జాగ్రత్త

కోనసీమలోనూ, భీమవరం వైపూ చేలు, రొయ్యల చెరువులు కొనేవాళ్లు, లీజుకు తీసుకునేవాళ్లు ఇది చదవండి. ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు వారీగా పొలం కొలతలు గీసిన సర్వే పటం) పీడీఎఫ్ పంపిస్తే కొందరు మూలల కోఆర్డినేట్లు (ఎక్కడుందో చెప్పే అడ్డం, నిలువు నంబర్లు), విస్తీర్ణం వేసి డబ్బు తీసుకుని స్కెచ్ ఇస్తున్నారు. అలా వచ్చిన ఒక స్కెచ్‌లో సర్వే నంబరు సరిగ్గానే ఉంది, మూలలే తప్పు. తెర మీద మౌస్ చూపించిన పిక్సెల్ (తెర మీది చుక్క) నంబర్లనే రాసేశారు. అదీ ఒక్కో మూల ఒక్కో జూమ్‌లో.

పీడీఎఫ్ పేజీ కొలత పాయింట్లలో ఉంటుంది, అంగుళానికి 72. 100 శాతం జూమ్‌లో మామూలుగా ఒక పాయింటు 1.33 పిక్సెళ్లు, 150 శాతానికి పెంచితే 2. కాగితం మీద బిందువు కదల్లేదు, తెర మీద నంబరు మాత్రం మారింది.

నష్టం ఎంతో చూడండి. చేను నాలుగు మూలలు (120, 200), (420, 200), (420, 480), (120, 480). విస్తీర్ణం 84,000 చదరపు పిక్సెళ్లు. బోదె గట్టు పక్క మూల సరిగ్గా కనబడలేదని మూడో మూలకు మాత్రం 150 శాతం పెట్టి నొక్కితే అది (630, 720) అవుతుంది. విస్తీర్ణం 1,49,400! పేజీ తెర ఎడమ పై మూలకు ఆనుకుని ఉంటేనే ఈ లెక్క. స్క్రోల్ చేసినా, జూమ్ మార్చగానే పేజీ మధ్యకు జరిగినా తప్పు ఇంకో రకంగా వస్తుంది. అసలు విలువ కావాలంటే మౌస్ నంబరుకు స్క్రోల్ కలిపి, పేజీ అంచు వరకు ఉన్న ఖాళీ తీసేసి, అప్పుడు జూమ్‌తో (150 శాతమైతే 1.5తో) భాగించాలి. ఫోన్ స్క్రీన్‌షాట్‌లో పిక్సెళ్లు ల్యాప్‌టాప్‌లో వచ్చినన్ని ఉండవు, రెండూ కలపకండి.

స్కెచ్ మీద ఉన్న 1:1000 స్కేలు (కాగితం మీద ఒక సెంటీమీటరుకు నేల మీద పది మీటర్లు) కూడా కాగితానికే, తెరకు కాదు. ప్రింటు తీసేటప్పుడు ‘ఫిట్’ పెడితే 97 శాతానికి కుదించుకుపోవచ్చు. పొడవు తగ్గింది మూడు శాతమే, కానీ ఎకరం 94 సెంట్లే కనబడుతుంది. ఇక్కడ ఆరు సెంట్లంటే 290 గజాలు, ఇల్లు కట్టుకునే స్థలం.

చేయించుకునేవాళ్లు ముందే ఇలా అడగండి. పీడీఎఫ్‌ను 300 డీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) బొమ్మగా మార్చి, ఆ బొమ్మ సొంత పిక్సెళ్లలోనే మూలలు తీసుకోవాలి. ఏ4 అయితే సైజు 2480 × 3508 ఉండాలి. 794 × 1123 ఉంటే తెర సైజుకు తీసినదని అర్థం. 1:1000 స్కెచ్‌లో 300 డీపీఐ దగ్గర ఒక పిక్సెల్ నేల మీద దాదాపు 8.5 సెంటీమీటర్లు. దాన్నీ నమ్మేయకుండా, పొడవు రాసి ఉన్న గీతలు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి తీసుకుని పిక్సెల్‌కు నేల మీద ఎంతో లెక్కకట్టించండి. పాత స్కెచ్‌లో లింకులు (గొలుసు కొలత) ఉంటే 100 లింకులు 66 అడుగులు. రెండు గీతలకూ వేర్వేరు విలువలొస్తే స్కాన్‌లో బొమ్మ ఒకవైపు సాగిపోయిందన్నమాట. వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే బొమ్మ సైజే తగ్గిపోతుంది.

ఇదంతా బేరానికి ముందు అంచనాకే. హద్దు రాళ్లు మాత్రం సర్వేయరు చేతే.

డబ్బు ఇచ్చేసినవాళ్లు ప్రతి మూల ఏ జూమ్‌లో, ఎంత స్క్రోల్‌లో, పేజీ అంచు వరకు ఎంత ఖాళీతో తీశారో అడగండి. అవి రాసి ఉంచితే పైన చెప్పినట్టు లెక్కవేసి సరిదిద్దొచ్చు. లేకపోతే ఆ నంబర్లు పనికిరావు, మొదటి నుంచి మళ్లీ తీయించండి.