మా మేడ మీద 3 కిలోవాట్ల సోలార్: ఏడాది వాడిన తరువాత

విజయవాడలోని మా ఇంట్లో వేసవి నెలల్లో కరెంటు వాడకం 400 యూనిట్లకు చేరేది. ఆంధ్రప్రదేశ్‌లో గృహ వినియోగానికి 226వ యూనిట్ నుంచి 8 రూపాయల 75 పైసలు, 400 దాటితే 9 రూపాయల 75 పైసలు కట్టాలి కనుక, వాడకం ఎంత తగ్గినా ముందుగా మిగిలేది అత్యంత ఖరీదైన యూనిట్లే. అందుకే సోలార్ కంటే ముందు ఫ్యాన్ల సంగతి చూశాము.

సుమారు 75 వాట్లు తీసుకునే పాత ఫ్యాన్లు ఐదింటిని తీసేసి, 30 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తీసుకునే మోటారున్న) ఫ్యాన్లు బిగించుకున్నాము. రోజుకు పన్నెండు గంటల లెక్కన నెలకు 80 యూనిట్లు తగ్గాయి. గాలిలో తేడా ఏమీ తెలియలేదు. రాత్రివేళ వోల్టేజీ పడిపోయినప్పుడు కూడా వేగం తగ్గకపోవడం మా అమ్మగారికి ఎంతో నచ్చింది.

సోలార్ సంస్థవారు మొదట 4 కిలోవాట్లు సూచించారు. ఫ్యాన్లు మార్చాక 3 కిలోవాట్లు చాలని తేలింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు 30,000 రూపాయల చొప్పున, మూడో దానికి 18,000, మొత్తం 78,000 రూపాయల రాయితీ వస్తుంది. అంతకు మించి పెట్టుకున్నా పైసా పెరగదు. ఈ రాయితీ మన దేశంలో తయారైన సెల్స్‌తో (ఎండను కరెంటుగా మార్చే బిళ్లలతో) చేసిన ప్యానెళ్లకే వర్తిస్తుంది కాబట్టి ఆ మాట కొటేషన్‌లో రాయించుకోవాలి. సొమ్ము ముందుగా మనమే చెల్లించాలి, పని పూర్తయి తనిఖీ అయిన తరువాత రాయితీ మన బ్యాంకు ఖాతాలో పడుతుంది.

బిగింపు పనిలో వంక పెట్టడానికి లేదు. సాయంత్రం నీళ్ల ట్యాంకు నీడ రెండు ప్యానెళ్ల మీద పడుతోందని చూపించగానే, ఒక ప్యానెల్ మీద నీడ పడినా ఆ వరుస మొత్తం దిగుబడి తగ్గుతుందని చెప్పి, వేసిన స్టాండును మరునాడే విప్పి, దక్షిణం వైపు పిట్టగోడకు దూరంగా జరిపారు. అంత ఓపికగా పని చేసిన కుర్రాళ్లకు కృతజ్ఞతలు చెప్పకుండా ఉండలేను.

కానీ ఆ సంస్థ ఆఫీసు తీరు బాధ కలిగించింది. మనం వాడే కరెంటును, మిగిలి బయటి లైనులోకి పంపే కరెంటును వేర్వేరుగా లెక్కించే నెట్ మీటర్ కోసం పెట్టిన దరఖాస్తులో సర్వీసు నంబరు తప్పు రాయడంతో రెండు నెలలు వృథా అయ్యాయి. పైగా ఈలోగా సోలార్ ఆన్ చేసి వాడుకోమని సలహా ఇచ్చారు. చాలా పాత డిజిటల్ మీటర్లు మనం బయటికి పంపే కరెంటును కూడా మన వాడకంగానే లెక్కిస్తాయి. మా వీధి లైన్‌మన్ ఆ విషయం చెప్పి ఆపించకపోతే, సొంత ఎండకు మేమే బిల్లు కట్టుకునేవాళ్లం. నెట్ మీటర్ పెట్టే వరకు స్విచ్ వేయవద్దని నా గట్టి మాట.

ఇక ఉత్పత్తి సంగతి. ఎండ బాగా ఉన్న రోజున 12 యూనిట్లకు పైగా వస్తున్నాయి, ముసురు పట్టిన రోజుల్లో అందులో సగం కూడా రావడం లేదు. మే నెలలో అత్యధికంగా వస్తాయనుకున్నాను కానీ, ప్యానెల్ వేడెక్కే కొద్దీ దిగుబడి తగ్గుతుంది కనుక మాకు ఫిబ్రవరి, మార్చి నెలలే మెరుగ్గా ఉన్నాయి. పదిహేను రోజులకోసారి తెల్లవారుజామున, ప్యానెళ్లు చల్లగా ఉన్నప్పుడు కడుగుతున్నాము. మా బోరు నీటితో తెల్లటి మరకలు పడుతుండటంతో మున్సిపల్ నీటికి మారాము.

కొనేముందు ఎవరూ చెప్పని విషయం మరొకటి ఉంది. కరెంటు పోతే ఈ సోలార్ కూడా ఆగిపోతుంది. స్తంభం మీద పని చేసేవారికి షాక్ తగలకుండా, ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే సోలార్ ఇన్వర్టర్ తనంతట తానే నిలిచిపోయే ఏర్పాటు అది, ఉండవలసిందే. కోతల బాధ ఉన్నవారు మాత్రం బ్యాటరీ ఖర్చు వేరుగా లెక్క వేసుకోవాలి. మాకు కోతల కోసం ఇంట్లో ముందునుంచీ ఉన్న బ్యాటరీ ఇన్వర్టరే సరిపోతోంది. ఇప్పుడు చాలా నెలలు స్థిర ఛార్జీలు, కొద్దిపాటి సుంకాలు మాత్రమే కడుతున్నాము. మే, జూన్ నెలల్లో ఏసీల వల్ల కొన్ని యూనిట్లు పైన పడుతున్నాయి. పదిహేనేళ్ల నాటి ఫ్రిజ్ మార్చడం ఇంకా మిగిలి ఉంది.