బెంగళూరులో పుట్టుమచ్చలకు లేజర్ ప్యాకేజీ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

మారతహళ్ళి, హెచ్ఎస్ఆర్ లేఅవుట్ వైపు ఉండే మనవాళ్ళ కోసం రాస్తున్నాం. డాక్టర్ మొహం చూడకముందే కౌన్సెలర్ "మచ్చకి ఇంత, ఆరు సిట్టింగులు కలిపితే తగ్గింపు" అంటూ అడ్వాన్సు అడిగితే, దయచేసి కట్టకండి.

ఆ ఆరు సిట్టింగుల లెక్కే తప్పు. బుగ్గల మీద, మెడ మీద ఆవగింజంత నల్లగా లేచేవి, డాక్టర్లు డీపీఎన్ అనేవి, హానిచేయవు. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తోనో రేడియోఫ్రీక్వెన్సీతోనో మామూలుగా ఒకటి రెండు సిట్టింగుల్లో పోతాయి. ప్యాకేజీలో అంటగట్టేది టోనింగ్ మెషీన్, అంటే క్యూ స్విచ్డ్ ఎన్‌డీ యాగ్. అది రంగుని పగలగొడుతుందే తప్ప పైకి లేచిన కండని తీయలేదు. పైగా ఆ మెషీన్‌ని 532 నానోమీటర్ల కాంతి (పచ్చ కాంతి) మీద పెట్టి పవర్ ఎక్కువ చేస్తే చామనఛాయ వాళ్ళకి చర్మం ఇంకా నల్లబడుతుంది, తగ్గడానికి నెలలు పడుతుంది.

అసలు ప్రమాదం ఉబ్బెత్తు పుట్టుమచ్చతో. లేజర్ దాన్ని ఆవిరి చేసేస్తుంది, ల్యాబ్‌కి పంపడానికి ముక్క మిగలదు. దాని కణాలు చర్మం లోతుదాకా ఉంటాయి. పైపైన కాలిస్తే కొన్నాళ్ళకు ఆ గాయపు మచ్చలోనే నల్లచుక్కలు వంకరటింకరగా తిరిగొస్తాయి. అప్పుడు బయాప్సీ (ముక్క తీసి ల్యాబ్‌లో పరీక్షించడం) చేస్తే మైక్రోస్కోపు కింద మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్‌ని పోలి ఉండి పెథాలజిస్టే తికమకపడొచ్చు. లోతుగా కాలిస్తే గుంట పడుతుంది. మొహం మీద అంచు మెరుస్తూ, నడుమ పుండుపడే నల్లటి కాయ బేసల్ సెల్ క్యాన్సర్ కూడా కావచ్చు. పెరుగుతున్నది, రెండు మూడు రంగులున్నది, రక్తం కారేది, అరికాల్లోనో గోరు కిందో కొత్తగా వచ్చినది ఏదీ లేజర్‌కి ఇవ్వకండి. అలాంటిదాన్ని ముందు బయాప్సీ చేయించాలి.

డెర్మటోస్కోప్ (మచ్చని పెద్దదిగా చూపే పరికరం) పెట్టి చూడకుండా "ఏం కాదు" అన్న చోట ఆగొద్దు. చేసేవాళ్ళకి చర్మవ్యాధుల్లో ఎండీ ఉందా, కర్ణాటక మెడికల్ కౌన్సిల్ నంబరు ఏమిటి, గోడ మీద కేపీఎంఈ సర్టిఫికెట్ (కర్ణాటకలో ప్రైవేటు క్లినిక్‌ల రిజిస్ట్రేషన్) ఉందా చూడండి. ఏ మెషీన్, ఎన్ని మచ్చలు అన్నది బిల్లులో రాయించుకోండి. మత్తు క్రీము మందంగా రాసి, పైన ప్లాస్టిక్ కప్పి దాదాపు గంట ఉంచాలి; పది నిమిషాలకే తుడిచేస్తే నొప్పి తెలుస్తుంది. కనురెప్ప మీద చేస్తుంటే రెప్ప లోపల మెటల్ షీల్డ్ పెట్టాల్సిందే, పైన కళ్ళజోడు చాలదు. పెచ్చు వారం పది రోజుల్లో దానంతటదే ఊడాలి, గిల్లొద్దు. చివర్లో పేరులేని డబ్బాలో తెల్లటి క్రీము చేతిలో పెడితే తీసుకోకండి, అందులో స్టెరాయిడ్ ఉండొచ్చు.

ఇప్పటికే డబ్బు కట్టేసినా సరే, మచ్చ మీద లేజర్ పడకముందు ప్రభుత్వాసుపత్రులైన శివాజీనగర్ బౌరింగ్‌లోనో, విక్టోరియాలోనో చర్మం ఓపీలో ఒకసారి చూపించండి.