20–60×80 స్పాటింగ్ స్కోప్: నది ఒడ్డున గల్ పక్షులకు ఎంతవరకు పనికొస్తుంది?

శరత్కాలంలో నది మధ్య ఇసుక తిన్నె మీద రెండు వందల గల్ పక్షులు వాలి ఉంటే, 8×42 బైనాక్యులర్‌లో గుంపు కనిపిస్తుంది గానీ అందులో కలిసిపోయిన అరుదైన పక్షి పట్టుబడదు. దానికి స్పాటింగ్ స్కోప్, అంటే ట్రైపాడ్ మీద నిలిపి చూసే చిన్న టెలిస్కోప్, ఉండాల్సిందే. 80 మి.మీ. ముందు కటకం, 20–60 జూమ్, 45 డిగ్రీలు పైకి వంగిన కంటి కటకం ఉన్న రకం ఈ పనికి బాగా సరిపోతుంది. కానీ పెట్టె మీది 60 అంకె చూసి మాత్రం కొనకండి. నది దగ్గర పనంతా 20 నుంచి 35 లోపే జరుగుతుంది.

మొదటి కారణం వెలుతురు. కటకం వ్యాసాన్ని జూమ్ అంకెతో భాగిస్తే కంట్లోకి వచ్చే కాంతి పుంజం వెడల్పు తెలుస్తుంది: 20 దగ్గర 4 మి.మీ., 60 దగ్గర 1.3 మి.మీ. గల్‌లు రాత్రి బసకు చేరేది పొద్దుగూకే వేళ. అప్పుడు 60లో మసక తప్ప ఏమీ మిగలదు. రెండోది గాలి. చల్లటి ఉదయం నీరు గాలికంటే వెచ్చగా ఉంటుంది కాబట్టి నీటి పైపైన చూపు అలలు అలలుగా ఊగుతుంది, పక్షి కాళ్లు కరిగిపోతున్నట్టు ఉంటాయి. ఎంత ఖరీదైన గాజూ దీన్ని ఆపలేదు. దగ్గరికి వెళ్లాలి, లేదా ఎత్తైన గట్టెక్కి చూడాలి.

తక్కువ జూమ్‌లో మరో లాభం: నాలుగైదు పక్షులు ఒకేసారి కనిపిస్తాయి. వీపు బూడిద రంగు ఎంత ముదురో పక్క పక్షితో పోల్చితేనే తేలుతుంది. హెర్రింగ్ గల్‌కు లేత బూడిద వీపు, గులాబీ కాళ్లు. లెస్సర్ బ్లాక్‌బ్యాక్డ్ గల్‌కు ముదురు వీపు, పసుపు కాళ్లు. ఎండ పడిన పక్షి అసలు రంగుకంటే తేలిపోయి కనిపిస్తుంది, అందుకే పల్చటి మబ్బు పట్టిన రోజు ఈ పోలికకు మేలు. గోధుమ రంగు పిల్లలతోనే అసలు చిక్కు. పెద్ద గల్‌లకు పూర్తి రంగు రావడానికి సుమారు 4 ఏళ్లు, బ్లాక్‌హెడెడ్ గల్‌కు 2 ఏళ్లు పడుతుంది. వీటిలో ముక్కు ఆకారం, తోక పట్టీ, మడిచిన రెక్క మీది ఈకల అంచులు చూడాలి.

60 పూర్తిగా వృథా ఏమీ కాదు. గాలి నిశ్చలంగా ఉన్నప్పుడు పరిశోధకులు పక్షి కాలికి తొడిగిన రంగు కడియం మీది అక్షరాలు చదవడానికి అదే దిక్కు.

స్కోప్‌కంటే ముందు ట్రైపాడ్‌కు డబ్బు పెట్టండి. తేలికపాటి కెమెరా ట్రైపాడ్ మీద కొద్దిపాటి గాలికే బొమ్మ వణుకుతుంది, ఆ తప్పు స్కోప్ మీదికి పోతుంది. కాళ్లలో లావు భాగాలనే ముందు చాపండి, మధ్య కర్ర ఎత్తకండి, కింది కొక్కేనికి సంచి వేలాడదీయండి. వంపు స్కోప్‌లో పైనుంచి చూస్తాం కాబట్టి ట్రైపాడ్‌ను తక్కువ ఎత్తులో నిలబెట్టవచ్చు, పొడుగూ పొట్టీ మనుషులు దాన్ని మార్చకుండానే వంతులవారీగా చూడవచ్చు. కారు కిటికీలోంచి చూసేవాళ్లకు మాత్రం వంపు లేని తిన్నని రకమే సుఖం.

కొనేముందు తెల్లటి వస్తువును నల్లటి నేపథ్యంలో 60 దగ్గర చూడండి. అంచుల్లో ఊదా గీత కనిపిస్తే, ఎండలో నీటి మీది గల్‌కూ అదే గీత ఉంటుంది. ఈడీ గాజు (రంగులను తక్కువగా విడదీసే ప్రత్యేక గాజు) ఉన్నవాటిలో ఇది బాగా తగ్గుతుంది. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు కంటి కప్పును పూర్తిగా దించి, బొమ్మ అంచులదాకా కనిపిస్తోందో లేదో జూమ్ రెండు చివర్లలోనూ చూసుకోవాలి. వెచ్చటి గదిలోంచి తెచ్చాక పావుగంటైనా బయట చల్లబడనివ్వండి, లేకపోతే ఫోకస్ సరిగా కుదరదు. కటకం మీది ఇసుకను రబ్బరు బుడ్డీతో ఊదాకే తుడవండి. చొక్కా అంచుతో రుద్దితే పూత గీసుకుపోతుంది.

తుపాను గాలుల తర్వాత సముద్రపు పక్షులు నది వెంట లోపలికి కొట్టుకొస్తాయి. నీటి మీద బొంగరంలా తిరుగుతూ తిండి పైకి రప్పించుకునే ఫలరోప్ లాంటి చిన్న పక్షిని వెతకాలంటే 20లో మొదలుపెట్టి, దొరికాకే పెంచాలి.

బరువు విషయానికొస్తే, ట్రైపాడ్‌తో కలిపి నాలుగు కిలోల దాకా అవుతుంది. గట్టు వెంట మైళ్లకొద్దీ నడిచేవాళ్లు 60–65 మి.మీ. రకం తీసుకోవడమే మంచిది, సాయంత్రం వెలుతురు కొంత తగ్గినా ఫర్వాలేదనుకుంటే.