కార్డు వెనక తెలుగు రాసుకున్నాక

కొరియన్ నేర్చుకోవడానికి పెట్టుకున్న ఈ కార్డుల యాప్‌లో ప్రతి కార్డుకూ ముందు మాట, వెనక అర్థం ఉంటాయి. పద్నాలుగు నెలలైనా ఇది నా ఫోనులో ఉండడానికి కారణం ఒక్కటే. కార్డు వెనక ఉన్న అర్థాన్ని చెరిపేసి మనకు నచ్చినట్టు రాసుకోనిస్తుంది. మరిచిన మాటను త్వరగా, గుర్తున్నదాన్ని ఆలస్యంగా చూపించడం ఇలాంటివన్నీ చేసే పనే.

నేను దించుకున్న కొరియన్ కార్డుల కట్టలో అర్థాలు ఇంగ్లీషులో ఉండేవి. ఇప్తా, సిన్తా, స్సుదా, క్కిదా: నాలుగింటి వెనకా 'వేర్' అనే ఉంది. రెండు నెలలు వాటిని కలగాపులగం చేశాను. తీరా ఆరా తీస్తే మొదటిది బట్టలకు, రెండోది చెప్పులకు, మేజోళ్లకు, మూడోది టోపీకి, కళ్లజోడుకు, నాలుగోది ఉంగరానికి. చీర కట్టుకుని, గాజులు తొడుక్కుని, బొట్టు పెట్టుకునే ఇంట్లో పెరిగినవాడికి ఇందులో వింతేముంది? ఆ రాత్రే అర్థాలు తెలుగులోకి మార్చడం మొదలుపెట్టాను. 'ఉరీ జిప్' దగ్గర 'మై హౌస్' కొట్టేసి 'మా ఇల్లు' అని రాస్తుంటే భలే సంతోషం వేసింది. వాళ్లూ 'నా ఇల్లు' అనరు మరి.

ఆ సంతోషం మూడు వారాలే. కట్ట తయారుచేసినవారు తప్పులు దిద్ది కొత్తది పెడితే దించుకున్నాను. 'పాతవాటి మీద రాయాలి' అనే గడిలో ముందే టిక్కు పెట్టి ఉంది, నేను చూసుకోలేదు. ఆరువందల కార్డుల తెలుగు ఒక్క నిమిషంలో తుడిచిపెట్టుకుపోయింది. అడగకుండా టిక్కు పెట్టడమేమిటన్న కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఇప్పుడు నెలనెలా నకలు తీసి పెట్టుకుంటున్నాను.

తెలుగు రాసుకుంటే అన్నీ తేలికని మొదట్లో అందరికీ చెప్పాను. అదీ పూర్తిగా నిజం కాదు. 'ఒన్నీ', 'నునా' రెంటికీ 'అక్క' అని రాసుకుని, ఆన్‌లైన్ తరగతిలో మా అక్కను 'ఒన్నీ' అన్నాను. టీచరు నవ్వాపుకోలేకపోయారు. అది చెల్లెలి నోట్లో మాట, తమ్ముడైతే 'నునా' అనాలి.

నాకు పరీక్ష తొందర లేదు, మెట్రోలో రోజూ నలభై నిమిషాలు ఖాళీ. టోపిక్ అనే కొరియన్ భాషా పరీక్షలో మొదటి స్థాయికి కావలసిన సుమారు 800 మాటలను రెండు నెలల్లో నేర్వాలనుకునేవారికి ఈ తిరగరాత కుదరకపోవచ్చు. నా కట్టను ఇంగ్లీషు మీడియంలో చదివిన మేనకోడలికి ఇస్తే, "మామయ్యా, మేజోళ్లంటే ఏమిటి?" అని అడిగి, మర్నాటికల్లా అర్థాలన్నీ తిరిగి ఇంగ్లీషులోకి మార్చేసుకుంది.